సన్నవాళ్ళ కుస్తీ

మార్చి 26, శనివారం

అందరూ వెళ్ళిపోయారు. షామియానా విప్పి తీసుకుపోయారు. గుమ్మం పక్కన కర్ర పాతిన గుంట అలాగే ఉంది. మట్టి వెయ్యాలి.

ఇది మార్కెట్ యార్డులో కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ. ఇన్నాళ్ళూ ఖాళీగా ఉంది.

నిన్న నాగ పన్నెండో రోజు. భోజనాలయ్యాక అచ్యుతరావు సంగతి ఎత్తాడు. నాగకు చిన్నాన్న కొడుకు, పెంటపాడులో పౌరోహిత్యం. కర్మలన్నీ అతనే చేయించాడు.

"బావగారూ, పెద్దమ్మని నాతో తీసుకెళ్తానండీ. అక్క ఉన్నన్నాళ్ళూ వేరు. కూతురు లేని ఇంట్లో అత్తగారు ఉంటే ఏం బావుంటుంది చెప్పండి? పదిమందీ పది రకాలుగా అంటారు."

సరే అన్నాను.

మధ్యగది తలుపు వెనక నుంచి అత్తగారు మాట్లాడారు. "ఇప్పుడు కాదురా అచ్యుతం. అమ్మాయి చూడాలనుకున్న కుస్తీ పోటీ ఒకటుంది టీవీలో. సన్నవాళ్ళది. అది అయ్యాక వస్తాను."

 అచ్యుతరావు భార్య సువర్ణ చేతిలో విస్తరాకులు పట్టుకుని అలాగే నిలబడింది.

"ఎన్నాళ్ళండీ ఆ కుస్తీ?" అని అచ్యుతరావు నన్ను అడిగాడు. నాకు తెలియదు. "ఎనిమిది ఆదివారాలు" అని తలుపు వెనక నుంచే జవాబు వచ్చింది.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర చెవిలో చెప్పాడు. "దుఃఖం అండీ. ఏదో ఒకటి పట్టుకుంటారు. ఎనిమిది వారాలయ్యాక నేనే వచ్చి తీసుకెళ్తాను."

మార్చి 27, ఆదివారం

పెళ్ళయి ఇరవై ఒక్క ఏళ్ళు. అత్తగారు ఇంతవరకు నా ఎదుటికి రాలేదు. మామగారు పోయాక ఆరేళ్ళుగా ఈ ఇంట్లోనే ఉంటున్నా రాలేదు. వాళ్ళ ఇళ్ళల్లో అత్త అల్లుడి ముందు నిలబడదు, మాట్లాడదు. ఏదన్నా ఉంటే ఆవిడ నాగతో చెప్పేవారు. నాగ నాతో చెప్పేది. నేను చెప్పేదీ అలాగే వెళ్ళేది. ఇంట్లో ముగ్గురం ఉన్నా, మాటలన్నీ ఒక్క మనిషి మీదుగా నడిచేవి.

ఈరోజు మధ్యాహ్నం కంచం వడ్డించి టేబుల్ మీద పెట్టి, గరిటెతో గిన్నె మీద రెండుసార్లు కొట్టారు. నేను వచ్చేసరికి ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

చారులో ఉప్పు లేదు. ఎలా చెప్పాలో తెలియలేదు. తిన్నాను.

మార్చి 30

యార్డుకు వెళ్ళాను. మహారాష్ట్ర ఉల్లి పది లారీలు. సెక్రటరీ వెంకట్రాజుగారు ఇంకో వారం సెలవు తీసుకోమన్నారు. అక్కర్లేదన్నాను.

ఏప్రిల్ 3, ఆదివారం

నాలుగు గంటలకు ఆ కుస్తీ పోటీ మొదలయింది. ప్రపంచ లైట్ వెయిట్ కప్పు అట. జపాన్‌లో, ఒసాకా అనే ఊళ్ళో. పదహారు మంది, అన్ని దేశాల వాళ్ళూ. వంద కిలోలు దాటినవాళ్ళు పనికిరారు. ఓడినవాడు ఇంటికి, గెలిచినవాడు పై రౌండుకి.

నాగ ఆదివారాలు ఇది చూస్తుంటే నేను పేపరు పట్టుకుని వరండాలోకి పోయేవాణ్ణి. బళ్ళో ఇంగ్లీషు చెప్పే మనిషి ఇదేం చూపు అని ఒకసారి అన్నాను కూడా. "లావువాళ్ళది అయితే నేనూ చూడనండీ, గుద్దుకుని పడుకుంటారు. సన్నవాళ్ళు ఎగురుతారు" అంది.

ఈరోజు టీవీ పెట్టి హాల్లో కూర్చున్నాను. ఆవిడ కోసం. పన్నెండు రోజుల జనానికి టీవీని మూలకు నెట్టారు. మొన్న నేనే దాన్ని మళ్ళీ స్టాండు మీద, నా కుర్చీకి ఎదురుగా తిన్నగా పెట్టాను.

రెండు కుస్తీలు అయ్యాయి. మధ్యగదిలోంచి ఏ చప్పుడూ రాలేదు. ఆవిడకు ఆసక్తి పోయినట్టుంది. అదీ మంచిదే. త్వరగా వెళ్తారు. స్టేషన్ రోడ్డులో మెస్సు ఒకటుంది. బాగానే పెడతారట.

ఏప్రిల్ 4

పుష్పమ్మ అంట్లు తోముతూ గట్టిగా అంది. నాకు వినపడాలనే.

"ఆ టీవీ అలా పెడితే అమ్మగారికి గోడ కనపడుద్దండీ. నిన్న అయిన కాడికి చెవులతోనే విన్నారంట."

ఎప్పుడూ అది కొంచెం వంకరగా ఉండేది. పనివాళ్ళు సరిగా పెట్టలేదని నేనే ఎన్నోసార్లు సర్దాను. నాగ మళ్ళీ వంకర చేసేది. ఎందుకని అడగలేదు. మధ్యగది తలుపు సందులోంచి, నేల మీద కూర్చున్న మనిషికి కనపడేట్టు.

స్టాండును కుడివైపు జరిపాను. లోపలికి వెళ్ళి చూసి రాలేను. పుష్పమ్మను కూర్చోబెట్టి చూడమన్నాను.

"ఇంకొంచెం. ఇంకొంచెం. ఆ, చాలు. నా సీరియల్ కూడా కనపడుద్ది."

ఏప్రిల్ 10, ఆదివారం

చప్పుడు వచ్చింది.

ఒకణ్ణి ఇంకొకడు కింద పడేసి అదిమితే, రిఫరీ బోర్లా పడుకుని అరచేత్తో నేలను మూడుసార్లు కొడతాడు. మూడో దెబ్బ పడేలోపు కిందివాడు భుజం లేపితే బతికాడు. లేకపోతే అయిపోయింది. అంతే ఆట.

రిఫరీ కొట్టినప్పుడల్లా మధ్యగదిలో గచ్చు మీద అరచేయి పడుతోంది. మొదట ఏదో పడిందనుకున్నాను. ఒకటి. రెండు. కిందివాడు భుజం లేపాడు. లోపల "హమ్మయ్య" అని వినపడింది.

ఆరేళ్ళుగా ఈ ఇంట్లో ఆ చప్పుడు ఉండి ఉంటుంది. వరండాలోకి ఎప్పుడూ రాలేదు.

రెండో కుస్తీలో మెక్సికోవాడు ఒకడు గెలిచాడు. చిన్నవాడు. ముఖానికి పసుపు తొడుగు, చెవుల దగ్గర ఈకలు. తాళ్ళ పైకెక్కి అక్కడ్నుంచి పల్టీ కొట్టి దూకుతాడు.

ఏప్రిల్ 11

"అమ్మగారు అడగమన్నారండీ. నిన్న ఆ పిట్ట ఏ ఊరోడని."

"పిట్ట ఎవరు?"

"పసుపు ముసుగోడంటండీ. చిన్నమ్మగారు, అమ్మగారు ఆణ్ణి పిట్ట అనుకునేవోరంట. ఆ ఇంగ్లీషు చెప్పే ఆయన ఏం చెబుతున్నాడో చిన్నమ్మగారే తెలుగులో చెప్పేవోరంట."

మెక్సికో అని చెప్పాను. పుష్పమ్మ లోపలికి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది.

"అది ఎక్కడండీ?"

అమెరికా కింద అని చెప్పాను. వెళ్ళింది, వచ్చింది.

"ఆడు ఇంతకుముందు కూడా మోకాలు కట్టుకునేవోడా, ఇప్పుడే కట్టాడా అని అడుగుతున్నారండీ. ఒకే ఇంట్లో ఉండి ఈ టెలిగ్రాములేంటండీ బాబూ నాకు. అవతల బట్టలు నానబెట్టాను."

ఏప్రిల్ 13, బుధవారం

మొదటి మాసికం. అచ్యుతరావు వచ్చి చేయించాడు. నువ్వులు, నీళ్ళు. వెళ్తూ "ఎన్నో వారం నడుస్తోందండీ?" అని అడిగాడు. ఆరు మిగిలాయన్నాను. తల ఊపాడు. "సువర్ణ పక్కగది సర్దిందండీ పెద్దమ్మ కోసం. వడ్ల బస్తాలు తీయించాం."

మంచివాడే.

ఏప్రిల్ 17, ఆదివారం

ఈరోజు నేను పైకి చెప్పాను. ఆవిడతో కాదు. టీవీతో చెప్పినట్టు.

"ఈ ముసలాయన నకాటా అట. ఇరవై ఏళ్ళనుంచి కుస్తీ చేస్తున్నాడట. ఇదే ఆఖరి పోటీ అంటున్నారు."

మొదట నా గొంతు నాకే ఎబ్బెట్టుగా ఉంది. తర్వాత అలవాటయింది.

నకాటా జుట్టు నెరిసింది. బరిలోకి వస్తూ నాలుగు వైపులా వంగి దండం పెట్టాడు. కుర్రవాడితో పది నిమిషాలు కలబడి, చివరికి మెడ పట్టుకుని కదలనీయకుండా కూర్చున్నాడు. కుర్రవాడు ఓటమి ఒప్పుకుని నేల తట్టాడు.

లోపల్నుంచి ఆవిడ కూడా గోడతో అన్నట్టే అన్నారు. "మాస్టారులా ఉన్నాడు."

ఏప్రిల్ 18

చారులో ఉప్పు సరిపోయింది.

ఏప్రిల్ 21, గురువారం

ఏలూరు వెళ్ళాను. మరణ ధ్రువీకరణ పత్రం. రెండో కౌంటరు వాడు మొదటి కౌంటరుకు పంపాడు.

ఆ ఆస్పత్రి ముందునుంచే బస్సు వెళ్ళింది. తలనొప్పి అని పడుకున్న మనిషిని తాడేపల్లిగూడెం నుంచి అక్కడికి తీసుకొచ్చాం. మెదడులో రక్తం చిమ్మిందన్నారు. మొదటి రోజు సాయంత్రమే డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఇక లేవదు, మహా అయితే మూడు నాలుగు రోజులు అని. నేను అత్తగారికి చెప్పలేదు. చెప్పాలన్నా మా మధ్య మాటల్లేవు. వార్డు తలుపుకు ఇటు నేను, అటు ఆవిడ కూర్చున్నాం. ఆవిడ రోజూ నాగ జడ విప్పి మళ్ళీ అల్లేవారు. లేచేనాటికి చిక్కు పడకూడదని నర్సుతో అన్నారట.

తిరిగి వస్తుంటే గుండుగొలను దగ్గర బస్సు ఆగిపోయింది. చేపల ట్రేల లారీ అడ్డం పడింది. ఐసు కరిగి రోడ్డంతా నీళ్ళు. దక్షిణాన కొల్లేరు వైపు చెరువు గట్లు, వాటి మీద కొంగలు. గంటసేపు చూశాను. ఏమీ అనిపించలేదు.

ఏప్రిల్ 24, ఆదివారం

మొదటి రౌండు అయిపోయింది. ఎనిమిది మంది మిగిలారు. పిట్ట, మాస్టారు ఉన్నారు. కెనడా జులపాలవాడు కూడా ఉన్నాడు. ఆవిడకు వాడంటే పడదు. వాడు రిఫరీ చూడనప్పుడు కళ్ళలో వేళ్ళు పెడతాడు.

"వీడి దుంపతెగ" అని వినపడింది.

మే 1, ఆదివారం

యార్డులో డ్యూటీ. ఆదివారం వేలంపాటకు కర్నూలు సరుకు వచ్చింది. మూడున్నరకు ఇంకా రెండు వరసల పాట మిగిలి ఉంది. వెంకట్రాజుగారితో ఇంట్లో పని ఉందని చెప్పాను.

"ఏం పనండీ?"

"చిన్న పని."

ఆయన ఇంకేం అడగలేదు. ఇప్పుడు నన్ను ఎవరూ ఏమీ అడగరు.

సైకిలు తొక్కుకుంటూ వచ్చాను. చెమట. అప్పటికే టీవీ పెట్టి ఉంది. నా కుర్చీ పక్కన స్టూలు మీద మజ్జిగ గ్లాసు, పైన మూత.

పిట్ట జులపాలవాణ్ణి ఓడించాడు. లోపల గచ్చు మీద మూడు దెబ్బలు గట్టిగా పడ్డాయి. మూడోదాని తర్వాత చప్పట్లు కూడా.

ఆవిడకు అక్కడ కుస్తీ ఉండదు. అచ్యుతరావు ఇంట్లో టీవీ ఉంది కాని పిల్లల చదువులని కేబుల్ తీయించేశాడు. ఇది మామూలుగా రాస్తున్నాను.

మే 4

కేబుల్ రాలేదు. తెరమీద చుక్కలు. ఆఫీసు నుంచి వస్తూ సైఫుల్లా షాపు దగ్గర ఆగాను. మా వీధులన్నిటికీ కేబుల్ అతనిదే. ముందుగదిలో నెట్ సెంటరు పెట్టాడు, నాలుగు కంప్యూటర్లు.

"రండి సార్, కూర్చోండి. జంక్షన్ బాక్సులో చీమలు దూరాయండీ. గంటలో చేయిస్తాను. మేడంగారు లేరంటే నమ్మబుద్ధి కావట్లేదండీ. నేను బిల్లుకి వస్తే అరగంట నిలబెట్టి కుస్తీ గురించే మాట్లాడేవారు. మా కేబుల్ కుర్రాళ్ళల్లో కూడా అంత తెలిసినోళ్ళు లేరండీ."

ఆదివారం నాటికి తప్పకుండా రావాలన్నాను.

"లైట్ వెయిట్ కప్పాండీ? మీరూ చూస్తున్నారా?" నవ్వి, వెంటనే ఆపుకున్నాడు. "అయినా అది ఎప్పుడో అయిపోయిందిగా సార్."

"ఏది అయిపోయింది?"

"పోటీ అండీ. జనవరిలోనే అయిపోయింది అక్కడ. ఆ ఛానల్ వాడు మనకి ఇప్పుడు వేస్తున్నాడు. నెట్లో రిజల్టు అంతా ఉంది. చెప్పకూడదు లెండి. మేడంగారు కూడా ముందు వద్దు వద్దన్నారు, తర్వాత ఆగలేక ఆవిడే వచ్చి ఆ కుర్చీలో కూర్చుని చూసుకుని వెళ్ళారు."

నేను ఆ కుర్చీ వైపు చూశాను. ఎవరో కుర్రాడు కూర్చుని దరఖాస్తు నింపుతున్నాడు.

"ఎవరు గెలిచారు?" అని అడిగాను.

"వద్దులెండి సార్."

"చెప్పండి."

చెప్పాడు. ఫైనల్ నకాటాకు, ఆ మెక్సికోవాడికి. నకాటా గెలిచాడు. మూడు దెబ్బలూ పడ్డాయి.

మే 5

జనవరిలో నాగ ఉంది. అక్కడ పిట్ట ఓడిపోయిన రోజున ఇక్కడ ఆవిడ, నాగ, నేను అన్నం తిని ఉంటాం. ఆ రోజు ఏం వండారో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. గుర్తు రాలేదు. జనవరి కాబట్టి చిక్కుడుకాయ అయి ఉంటుంది.

మే 6

ఆవిడకు చెప్పను. చెప్తే పోటీ ఇక్కడే అయిపోయినట్టు. ఆవిడ పెట్టె సర్దుకుంటారు.

అందుకని కాదు. చూసేవాళ్ళ సరదా పాడుచేయకూడదు, అంతే.

మే 8, ఆదివారం

మాస్టారు గెలిచాడు. మోకాలు నొప్పితో కుంటుతున్నాడు. "ఈయన పని అయిపోయింది, వచ్చేవారం ఓడిపోతాడు" అని టీవీతో అన్నాను.

 లోపల్నుంచి "చూద్దాం" అన్నారు.

అబద్ధం చెప్పడం ఇంత తేలికని తెలియదు.

మే 12

రెండో మాసికం. అచ్యుతరావు క్యాలెండరు చూసి, "అయితే ఇరవై రెండు ఆదివారంతో అయిపోతుందన్నమాట. ఇరవై నాలుగు మంగళవారం వస్తానండీ. సోమవారం పెళ్ళి ఒకటుంది" అన్నాడు.

మంగళవారం ప్రయాణం పనికిరాదేమో అన్నాను.

నా వైపు వింతగా చూశాడు. "నేనూ పంతుల్నే కదా బావగారూ. పది మైళ్ళు కూడా లేదు, ఆటోలో అరగంట. దానికి వారం, వర్జ్యం ఏమిటండీ?"

మే 15, ఆదివారం

సెమీఫైనల్స్. పిట్ట గెలిచాడు. మాస్టారు గెలిచాడు. నాకు ముందే తెలిసినా మాస్టారు రెండోసారి భుజం లేపినప్పుడు కుర్చీ అంచుకు వచ్చాను. ఎందుకో తెలియదు.

ఒక సంగతి గమనించాను. ఆవిడ పిట్ట గెలిచినప్పుడు చప్పట్లు కొట్టలేదు.

మే 18

మెస్సు చూసి వచ్చాను. నెల టోకెన్లు ఇస్తారట. శుభ్రంగానే ఉంది. సాంబారు వాసన. మళ్ళీ వస్తానని చెప్పి వచ్చాను.

మే 20

"అమ్మగారు పెట్టె కిందకి దింపమన్నారండీ. అటక మీద నుంచి" అంది పుష్పమ్మ.

దింపాను. మామగారి ట్రంకు పెట్టె. దులిపి మధ్యగది గుమ్మం ముందు పెట్టాను. కాసేపటికి చూస్తే లోపలికి లాగేసుకున్నారు.

పుష్పమ్మ ఈరోజు జోకులు వేయలేదు. పోతూపోతూ, "ఆదివారం నేనూ వస్తానండీ, ఆ పిట్ట గెలుస్తాడో లేదో చూడాలి" అంది.

మే 21

ఏమీ లేదు. ఎండ.

మే 22, ఆదివారం

ఇది జరిగినట్టే రాయాలి.

పుష్పమ్మ రాలేదు. వాళ్ళ పిల్లకు జ్వరం. నేను హాల్లో, ఆవిడ తలుపు వెనక. నాలుగు గంటలకు మొదలయింది. వడగాలి. ఫ్యాను తిరుగుతున్నా లాభం లేదు.

ఇద్దరూ బరిలోకి వచ్చారు. మాస్టారు నాలుగు వైపులా వంగాడు. పిట్ట కూడా అతనికి వంగాడు. నేను చెబుతూనే ఉన్నాను. "ఇరవై నిమిషాల్లో తేలకపోతే ఇంకా పొడిగిస్తారట. పిట్ట ఎడమ మోకాలు వాచిందట. మాస్టారు భార్య ముందు వరసలో కూర్చుందట." ఈ ఆఖరిది ఇంగ్లీషువాడు చెప్పలేదు. తెర మీద ఒక పెద్దావిడ కనపడితే నేనే కల్పించి చెప్పాను.

పిట్ట రెండుసార్లు తాళ్ళ మీద నుంచి దూకాడు. మొదటిసారి తగిలింది. గచ్చు మీద ఒకటి, రెండు. మాస్టారు భుజం లేపాడు. రెండోసారి మాస్టారు పక్కకు తప్పుకున్నాడు. పిట్ట ఉత్త నేల మీద పడ్డాడు. లేవబోతుంటే మాస్టారు వెనక నుంచి నడుం పట్టి ఎత్తి, వెనక్కి విల్లులా వంగి, అతని మెడ కింద ఉండేట్టు విసిరి, అలాగే అదిమి పట్టాడు. రిఫరీ పడుకున్నాడు.

ఒకటి.

రెండు.

కరెంటు పోయింది.

తెర నల్లగా అయింది. ఫ్యాను తిరుగుతూ తిరుగుతూ ఆగింది. వీధిలో ఎవరో సైఫుల్లాను తిట్టారు. కరెంటు పోతే అతనేం చేస్తాడు.

అప్పుడు మధ్యగదిలో గచ్చు మీద అరచేయి ఇంకోసారి పడింది. మెల్లగా.

మూడు.

నేను కుర్చీలోంచి లేచాను. తలుపు వైపు తిరిగాను. ఇరవై ఒక్క ఏళ్ళలో మొదటిసారి ఆ తలుపుతో కాకుండా దాని వెనక ఉన్న మనిషితో మాట్లాడాను.

"మీకు తెలుసా?"

 చీర కుచ్చెళ్ళ చప్పుడు. తలుపు తెరుచుకుంది. ఆవిడ గుమ్మంలో నిలబడ్డారు. కిటికీలోంచి నాలుగింటి ఎండ ముఖం మీద పడుతోంది. చిన్న మనిషి. ఆస్పత్రిలో కూడా కూర్చుని ఉండగా పక్కనుంచి చూడటమే, తలుపు వెనక గొంతు విని పొడగరి అనుకున్నాను ఇన్నాళ్ళూ. గడ్డం నాగదే.

"తెలుసు" అన్నారు. "ఆ కేబుల్ అబ్బాయి దగ్గర చూసి వచ్చి అమ్మాయే చెప్పింది. తలనొప్పి మొదలయిన రోజు. 'మన పిట్ట ఓడిపోతాడే అమ్మా, అయినా చూద్దాం, చాలా బాగా ఆడాడట' అంది."

"మరి తెలిసి ఇన్ని వారాలు ఎందుకు చూశారండీ?"

"మీకూ తెలుసుగా."

నేను నల్లటి తెర వైపు చూశాను.

"మాస్టారు ఓడిపోతాడని మీరు అన్న రోజే అనుకున్నాను. అంతకుముందు ఏ ఒక్కరోజూ ఎవరు ఓడిపోతారో మీరు చెప్పలేదు." పైట సర్దుకున్నారు. "ఆస్పత్రిలో డాక్టరు మీకు మొదటిరోజే చెప్పాడు. మీ ముఖం చూస్తే నాకు తెలిసింది. తెలిసీ కూర్చున్నాంగా బాబూ ఇద్దరం. మధ్యలో లేచి రాలేదుగా."

చేతిలో విసనకర్ర ఉంది. నాకు ఇవ్వలేదు. నా కుర్చీ చేతి మీద పెట్టి వెనక్కి వెళ్ళారు. గుమ్మం దగ్గర ఆగి, అటు తిరిగే, "మంగళవారం అచ్యుతం వస్తాడు" అన్నారు.

ఏదో చెప్పాలి. ఉప్పు గురించి, మజ్జిగ గురించి చెప్పాలనుకున్నాను. మెస్సు గురించి కూడా చెప్పబోయాను.

"ఉండండి" అన్నాను.

ఆవిడ లోపలికి వెళ్ళారు. తలుపు వేసుకోలేదు.

ఐదున్నరకు కరెంటు వచ్చింది. టీవీలో సబ్బు ప్రకటన.

మే 23

ఉదయం నుంచి మాట లేదు. పెట్టె ఎక్కడుందో తెలియదు. అడగలేదు.

"అమ్మగారు అడగమన్నారండీ" అని వచ్చింది పుష్పమ్మ. "రేపు పప్పులోకి మామిడికాయ వేయమంటారా, తోటకూరా అని."

రేపు మంగళవారం.

"నన్నే అడగమని చెప్పు" అన్నాను.

పుష్పమ్మ నోరు తెరుచుకుని నిలబడింది. తర్వాత లోపలికి పరిగెత్తింది. గుసగుసలు. చాలాసేపు. చివరికి వంటింట్లోంచి, గట్టిగా, గోడతో కాదు:

"మామిడికాయా? తోటకూరా?"

మామిడికాయ అన్నాను.

మే 24, మంగళవారం

అచ్యుతరావు పదకొండు గంటలకు ఆటో తీసుకుని వచ్చాడు. తిరిగి వెళ్ళడానికి దాన్ని గుమ్మం ముందే ఆపించాడు. ఆవిడ మధ్యగది గుమ్మం దాటి హాల్లోకి వచ్చి నిలబడ్డారు. అతను ఆవిణ్ణి, నన్ను మార్చి మార్చి చూశాడు.

"పెట్టె ఏదీ పెద్దమ్మా?"

"అటక ఎక్కించేశారు అల్లుడుగారు." పొద్దున్నే నాచేత ఎక్కించారు. "వచ్చే ఆదివారం నుంచి ఇంకో కుస్తీ ఉందటరా."

"సన్నవాళ్ళది అయిపోయిందన్నారుగా?"

"అది అయిపోయింది. ఇది లావువాళ్ళది."

"ఎన్ని వారాలు?"

ఆవిడ నా వైపు చూశారు. నాకు అసలు అలాంటిది ఉందో లేదో కూడా తెలియదు.

"చాలా ఉంటాయి" అన్నాను.

అచ్యుతరావు కుర్చీలో కూర్చున్నాడు. పదిమందీ ఏమంటారో మళ్ళీ చెబుతాడనుకున్నాను. చెప్పలేదు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "సువర్ణ గది ఖాళీ చేయించిందండీ పాపం" అని మాత్రం అన్నాడు. మామిడికాయ పప్పుతో భోజనం చేసి వెళ్ళాడు. ఆటో వాడికి కూడా ఆవిడే పెట్టారు.

సాయంత్రం సైఫుల్లాకు ఫోను చేశాను. లావువాళ్ళది ఏదన్నా ఉందా అని.

"అది ఎప్పుడూ ఉంటుంది కదా సార్, ప్రతి ఆదివారం. కానీ మేడంగారు అస్సలు చూసేవారు కాదండీ."

తెలుసన్నాను.

మే 29, ఆదివారం

టీవీని తిన్నగా తిప్పాను. నాగ కుర్చీ తెచ్చి నా కుర్చీకి కాస్త ఎడంగా వేశాను. నాలుగు గంటలకు ఆవిడ వచ్చి కూర్చున్నారు. నేను అటు చూడలేదు.

లావువాళ్ళు. ఒకణ్ణొకడు గుద్దుకుంటారు, పడుకుంటారు, లేవడానికి చాలాసేపు పడుతుంది. ఎవరూ ఎగరలేదు. నాగ అన్నది నిజమే, ఏమీ బాగాలేదు.

చివరిదాకా చూశాం.